పిల్లప్ప గడియ వేసిన మధ్యాహ్నం

రాయల్పాడులో పిల్లప్ప ఇల్లు. కూతురు అర్పిత ల్యాప్‌టాప్ ముందర కూర్చుంది. పిల్లప్ప తల్లి లక్ష్మీదేవమ్మ ఊరగాయకు మామిడికాయలు తరుగుతోంది.

“ఇంగోసారి చదువు పాపా, ఏమడిగినారో.”

“‘నీ ముందర మూసేసిన తలుపు గురించి ఐదువందల మాటల్లో రాయి’ అని, నాయినా. ఈపొద్దే ఆఖరు.”

“అమెరికా కాలేజీకి తలుపుల ఊసేంటికే?”

“చెప్తిని కదవ్వా. ఆ కాలంలో నల్లవాళ్లని యాడా చేర్చుకునేవాళ్లు కాదు. వాళ్ల కోసమని పెట్టిన కాలేజీ అది. ఇప్పుడు అందరినీ చేర్చుకుంటారు.”

“ఇన్ని కాలేజీలుండంగా అదేంటికి?”

“మామిడి తోటల చదువు ఆడ బాగుండాదవ్వా, ఫీజు కూడా తగ్గిస్తారంట. నాకు అదే కావాల.”

“అయితే రాయి పాపా, ఆలోచనేమి?”

“ఏం రాసేది నాయినా? నా ముందర ఎవురు ఏం మూసినారు?”

“పోయిన వారం ముళబాగిలు బస్సు ఆపకుండా పోలేదా?”

“నేనే లేటుగా పోయినా.”

“బస్సుకు తలుపుండాది కదా. రాసెయ్.”

“నాయినా...”

“సరే. మీ మేనమామ పెండ్లిలో నాకు మొదటి పంక్తిలో ఆకు వెయ్యలేదు. అది రాయి. ఇప్పటికీ కడుపు మండతాది.”

“మండింది నీ కడుపు కదా. వాళ్లడిగింది నాది.”

“తోట నీకొస్తాది, అవమానం రాదా?”

“ఒరే పిల్లప్పా, దానికి అవమానం యాణ్ణుంచి వస్తాది? ఎండ తగలకుండా పెంచితివి.”

“అదే నా తప్పయిపోయిందామ్మా ఇప్పుడు? కష్టం లేకుండా సాకితే సీటు ఇయ్యరంట. లే పాపా, బయటికి పో.”

“ఏంటికి?”

“వాకిట్లో నిలబడు. నేను గడియ వేస్తా. అరగంటలో నీకే తెలుస్తాది.”

“పిచ్చా నీకు?”

“అబద్ధం రాయనంటివి. అందుకే నిజంగానే మూస్తాండా. ల్యాప్‌టాప్ తీసుకోని పో.”

“చెప్పులన్నా వేసుకోనీ.”

“చెప్పుల్లేకుంటేనే బాగుంటాది.”

“ఒరే, నిజంగానే వేసేస్తివా గడియ?”

“వేసినామ్మా. పాపా, ఎట్లుండాది?”

“కాళ్లు కాలతాండాయి.”

“రాసుకో. అవమానంగా ఉండాదా?”

“నవ్వొస్తాండాది.”

“నవ్వగాకు పాపా, సీటు పోతాది. నన్ను లోపలికి రానీరు, రానీరు అని అనుకో.”

“ఎట్లనుకునేది నాయినా? నువ్వు తీస్తావని తెలుసు కదా.”

“తియ్యను.”

“తీస్తావు.”

“దీనికి భయం లేదమ్మా. ఎట్లుంటాది? మన తలుపు ఎవురి ముందరా మూసింది లేదు.”

“ఎవురి ముందరా లేదా?”

“నువ్వు కాయలు తరుగుమ్మా.”

“నాయినా, సవిత వచ్చింది.”

“మన తోట కాసే మునివెంకటప్ప కూతురా? నీళ్లు కావాలంటే పెరటి తట్టు పొమ్మను. అవ్వ ఎత్తి పోస్తాది.”

“నీళ్లకు కాదు. సీటొచ్చిందని చెప్పేదానికి వచ్చింది. అదే కాలేజీలో.”

“ఆ పిల్లకా?”

“పోయిన నెలే రాసి పంపించిందంట.”

“చూసినావా, వాళ్లకు అన్నీ ముందే తెలుస్తాయి. అడుగు పాపా, ఏ తలుపు గురించి రాసిందో. మనమూ అట్లే రాస్తాము.”

“అడిగినా నాయినా. ఇదేనంట.”