దీపం పెట్టినాక ఎత్తకూడని పేరు

పిల్లప్ప నోరు విప్పితే లక్ష్మక్క టీ కొట్టులో పాలు పొంగిపోయినా ఎవరికీ పట్టదు. డెంకణికోట అడవి అంచున ఉన్న ఆ పల్లెలో, తొంభై తొమ్మిదో సంవత్సరం రాగి కంకులు పాలు పోసుకుంటున్న ఆ సాయంత్రం మాత్రం అతడు మాట్లాడుతున్నది నవ్వించడానికి కాదు. డెంకణికోటలో ఇనుప సామాన్ల అంగడి నడిపే ద్వారకనాథ్ ఎదుటి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సూళగిరి రోడ్డు పక్కన లారీలకు హారన్లు బిగించే పిల్లప్ప, పారేసిన హారన్లు రెండు, పాత ట్రాక్టరు బ్యాటరీ, ఒక కాలింగ్ బెల్ స్విచ్ కలిపి ఏనుగులను తరిమే యంత్రం చేశాడని విని, నిజమైతే తన అంగడిలో పెట్టి అమ్ముదామని వచ్చినవాడు. పిల్లప్పతో జన్మలో అటువంటి మాట అన్నది అతడొక్కడే.

ఇంట్లో అంజినమ్మ తీర్పు వేరు. "ఇంకొక్కసారి ఆ డబ్బా ముట్టితివా, బావిలో ఏస్తాను" అని ఆ ఉదయమే భర్తకు చెప్పి సంతకు వెళ్ళింది. ఆరింటి బస్సుకు దిగుతుంది. ఆమె దిగేలోగా కథ ముగియాలి. మొన్న చేలో జరిగింది చూసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే.

"ఏమీ లేదు సావుకారూ, చిన్న సంగతే," అని వినయంగా మొదలుపెట్టాడు పిల్లప్ప. "మొన్న మా చేలో మంచె మీద కూర్చోని ఉంటిని. కంకి వాసనకు ఒంటి ఏనుగొకటి వచ్చింది. నేను బీడీ ఆర్పి, మెల్లగా స్విచ్ నొక్కినాను. తిరుక్కోని పోయింది."

"అంతేనా?" అంటూ ద్వారకనాథ్ గడియారం చూసుకున్నాడు.

ఆ చూపు పిల్లప్ప కంటపడింది. ఉన్న సంగతి చాలేటట్టు లేదు.

"అంతేనంటే ఎట్ల సావుకారూ! దాని వెనక మంద ఉంది కదా, చేను కనపడకుండా నిలబడింది. మోత వినంగానే అన్నీ చెవులు మూసుకోవాలని చూసినాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెవులు రెండు, తొండం ఒకటే! ఒక్కొక్కటీ ఒక చెవి తొండంతో మూసుకోని, రెండో చెవి పక్కదాని డొక్కకు ఆనించింది. అట్ల ఒకదానికొకటి ఆనుకోని, గోడ కట్టినట్టు నిలిచిపోయినాయి."

"కడాది, చివర్న నిలిచిందో?" అన్నాడు పక్క చేను ఆసామి వెంకటరామప్ప. "అది యాడ ఆనుకునిందప్పా?"

"నాకే ఆనుకునిందన్నా! మూగజీవి, ఏమి చేస్తుంది పాపం?"

బల్లల మీద నవ్వులు లేచాయి. పిల్లప్ప మాత్రం టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ మాట నోట రాగానే, మొన్న చీకట్లో మంచె కాలికి రాసుకున్న ఆ పెద్ద ఒంటి గరగర, దాని మీది ఎండిన బురద రాలిన చప్పుడు మళ్ళీ అతని చెవిలో పడ్డాయి. దాన్ని వినకుండా ఉండాలంటే ఇంకా గట్టిగా మాట్లాడటమే దారి.

"నేను ముందు, ఏనుగులు వెనక! ఒక కూత కొడితే ఎడమకు, రెండు కొడితే కుడికి. సూళగిరి దగ్గర హైవే ఎక్కించినాను. లారీలన్నీ ఓరకు నిలిచి దారి ఇచ్చినాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కృష్ణగిరి మండీలో మామిడికాయలన్నీ వాటితోనే లోడు చేయించినాను. పచ్చివి ఒకపక్క, పండ్లు ఒకపక్క, తొండంతో నొక్కి చూసి ఏరినాయి!"

"రాగి కంకి పాలు పోసుకునే కాలంలో మామిడికాయలు యాడివి?" అని వెంకటరామప్ప అడ్డుపడ్డాడు.

"హారన్ మోతకు చెట్లు బెదిరి, కాలం గాని కాలంలో కాసినాయన్నా!"

ఈసారి ద్వారకనాథ్ కూడా నవ్వాడు. ఆ నవ్వు నమ్మకమో ఎగతాళో పిల్లప్పకు తెలియలేదు. లక్ష్మక్క కొట్టులో దీపం వెలిగించింది. రోడ్డుకు అవతల వెదురు పొదలు అప్పటికే నల్లబడ్డాయి.

"ఇంక చూడండి, కృష్ణగిరి కొండెక్కి హారన్ కొడితే మేఘం పగిలి వాన! ఆ వానలో నేను తడుస్తానని, సామి నా నెత్తి మీద చెవి గొడుగు మాదిరి పట్టి..."

"ఆగప్పా," అని వెంకటరామప్ప చెయ్యెత్తాడు. "ఇంతసేపూ ఏనుగు, ఏనుగు అంటివి. దీపం పెట్టంగానే సామి అంటావేమి? కాయలు మోయించినోడివి, నీ కూలిదాన్ని పేరు పెట్టి పిలువు, చూస్తాము."

ఎవరూ నవ్వలేదు. ఆ పల్లెల్లో దీపం పెట్టినాక దాని పేరు ఎత్తరు, ఎత్తితే పిలిచినట్టే. పిల్లప్ప నోరు తెరిచాడు. వెదురు పొదల వైపు చూశాడు. మళ్ళీ నోరు మూసుకున్నాడు.

ద్వారకనాథ్ లేచి సంచి భుజాన వేసుకున్నాడు.

"ఈయప్ప పిలవలేడు సావుకారూ."

కథ సందడిలో బస్సు వచ్చి పోయిన సంగతి ఎవరూ గమనించలేదు. చంకలో గంపతో అంజినమ్మ వెనక నిలబడి ఉంది.

"మొన్న సామి వచ్చి మంచె కాలికి ఒళ్ళు రుద్దుకుంటా ఉంటే, స్విచ్ నా ఒళ్ళో పడేసి పక్కన ఉండే పనస చెట్టు మీదికి దూకినాడు. తెల్లారినాక నేనే దించుకోని వచ్చినాను. చేతులు కొమ్మను ఇడిస్తేనా! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తన మాట ఆమె నోట విని పిల్లప్ప తల వంచుకున్నాడు.

"నేను కండ్లు మూసుకోని నొక్కినాను."

"అయితే పనిచేసిందా లేదా తల్లీ?" అన్నాడు ద్వారకనాథ్.

అంజినమ్మ గంపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. ఆమె లేదంటే చాలు, యంత్రం బావిలో పడుతుంది. పిల్లప్ప జీవితాంతం ఇతరుల లారీలకు హారన్లు బిగిస్తాడు. చెట్టు కొమ్మ మీద కూడా అతడికి అంత భయం కలగలేదు.

"హారన్ పనిచేసింది," అన్నది ఆమె చివరికి, అయిష్టంగానే. "పనిచేయంది ఈయప్పే."

రోడ్డుకు అవతల వెదురు ఫెళ్ళున విరిగింది. మళ్ళీ ఒకటి, ఇంకాస్త దగ్గరగా, పిల్లప్ప చేను వైపు.

లక్ష్మక్క స్టవ్ ఆర్పేసింది. అంజినమ్మ గంపను బల్ల మీద పెట్టింది.

"లే. బ్యాటరీ నువ్వు మోయి. స్విచ్ నా చేతిలో ఉంటుంది."

ద్వారకనాథ్ సంచి దించి, హారన్ మోత వినేదాకా కదలనన్నట్టు మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు. పిల్లప్ప ఒక్క మాటైనా మాట్లాడకుండా లేచి, భార్య వెనక చీకట్లోకి నడిచాడు.