పెండ్లామెత్తు బెల్లం

మైసయ్య బర్రె తప్పిపోయింది. మూడు దినాలు తిరిగిండు, దొరకలే. అప్పుడు చేతులు జోడించి, "తల్లీ, బర్రె దొరికితే జాతరకొచ్చి నిలువెత్తు బంగారం ఇచ్చుకుంట" అన్నడంట. బంగారమంటే జాతర బంగారం, మనిషి బరువుకు తూచిచ్చే బెల్లమే. అన్నంక తన బొజ్జ చూసుకున్నడు. "నా ఎత్తు గాదు తల్లీ, నా పెండ్లామెత్తు" అని దిద్దుకున్నడంట. చూసిన్రా, మొక్కు వానిది, తక్కెడెక్కేది ఆమె! బర్రె దొరికింది. జాతర ఇంక మూడు నెలలుందనుకో. పెండ్లాం ఓదెమ్మ దిట్టమైన మనిషి, నెత్తిన ఒకటి చంకనొకటి బిందెలు మోసుకొచ్చేది. మైసయ్య ఆమెను కింది నుంచి మీదికి చూసి, "ఏమే, జర సన్నబడితే సక్కగుంటవే" అన్నడు. "ఎవరి కండ్లకు?" అన్నది. "అమ్మోరి కండ్లకు" అన్నడంట! అమ్మోరి పేరెత్తితే కాదనొస్తదా, సరేనన్నది. ఇగ పొద్దున గంజి, మాపటికి గంజి మీది తేట. మరి ఆమె పాలు, రొట్టె, పెరుగు, నెయ్యి ఏమైనయంటరా? పారేస్తే పాపం గదా, ఆ పాపమంతా ఆయనే తిన్నడు.

ఏమైందంటే, నెల తిరిగేసరికి ఓదెమ్మ గాజులు మోచేతికెక్కినయి. రెండో నెలకు జుట్టంతా దువ్వెనకే వచ్చింది. మూడో నెల ముట్టు ఆగింది. మైసయ్య బెల్లం లెక్కేసుకున్నడు. "కడుపైందా ఏంది? అయ్యో, ఇద్దరి బరువాయె!" అని మంత్రసాని బుచ్చవ్వను పిలుచుకొచ్చిండు. ఆమె ఓదెమ్మ పొట్ట పట్టి చూసి, "ఓరి మైసిగా, కడుపు గాదురా, కడుపుల ఏం లేక! ఒంటి మీద జర కొవ్వుంటేనే ఆడదానికి అన్నీ వేళకొస్తయి. దీనికి అదీ లేదు, నీకేమో ఇద్దరిదున్నది. దీని ముద్ద దీనికియ్యి, లేకుంటే పాడె కట్టుకో" అన్నది. మైసయ్య ఏమన్నడో తెలుసా? "జాతర ఇంక వారమే గదా అవ్వా!"

సరే, జాతరకు పోయిన్రు. ఓదెమ్మను తక్కెడల కూసోబెట్టిన్రు. తాడు పట్టుకునే సత్తువ లేదు, పక్కకొరిగి పడ్డది. మళ్ళ కూసోబెట్టిన్రు, మళ్ళ పడ్డది. తూకమేసే తాత, "మొక్కినోడివి నువ్వేగా, ఒళ్ళె పెట్టుకొని కూసో" అన్నడు. "నేనా?" అన్నడు మైసయ్య. "మరి నేనా? లగ్గమాడింది నువ్వాయె!" కూసున్నడు. తక్కెడ దబ్బున నేలను కొట్టింది. ఒక ముద్ద పెట్టిన్రు, కదల్లే. పది పెట్టిన్రు, కదల్లే. తెచ్చిన బెల్లమంతా పెట్టిన్రు, చీమంత కూడ కదల్లే. "దిగుత తాతా" అన్నడు. "దిగుతే అమ్మోరు ఊకోదు బిడ్డా" అన్నడు తాత. పక్కూరోళ్ళ బెల్లం అడుక్కొని పెడితే అప్పుడు లేచింది. తాత నవ్వి, "ఇందుల నీ పెండ్లాం బరువు ఆ మూలకున్న రెండు ముద్దలే. తక్కినదంతా నువ్వూ, నువ్వు తిన్న ఆమె తిండీ" అన్నడంట. ఓదెమ్మ వాని ఒళ్ళె కూసొనే విన్నది. ఇంటికి రాంగనే పెరుగు గురిగి తన ముందటికి జరుపుకొని, గంజి చెంబు ఆయన ముందట పెట్టింది. ఆరు నెలలకు ఆమె బిందె ఎత్తింది, ఆయన వంగితే తన కాళ్ళు తనకు కనపడ్డయి.

ఇప్పుడు ఆ ఊరి మొగోళ్ళు మొక్కుకున్నరంటే ముందు పెండ్లానికి కడుపునిండ పెడుతరంట. ప్రేమ అనుకునేరు, తక్కెడ భయం! ఏదైతే నాకేంది, ముద్దయితే లోపలికి పోతున్నది గదా.