గాలిలో నిలబెట్టిన చెయ్యి

ఈ సభకు పెద్దగా కూర్చున్న ప్రిన్సిపాల్ తణికైవేల్ గారికి, పళ్ళిపట్టు నుంచీ పొదటూరుపేట నుంచీ బస్సులెక్కి వచ్చిన బంధువులకు, మా కాలేజీ స్నేహితులకు, ముందు వరుసలో కూర్చుని తొందరగా ముగించమని కళ్ళతోనే చెబుతున్న సారు ఇల్లాలు కాంచనక్కకు, మెడలో దండ గుచ్చుకుంటున్నా తీయకుండా ఓర్చుకుంటున్న మా దేవరాజులు సారుకు నమస్కారం.

పొద్దున కాలేజీలో ఇంగ్లీషులోనూ తమిళంలోనూ సారుకు వీడ్కోలు అయింది. "ఇంట్లో మాట్లాడుకునే మాటలో ఒకరన్నా చెప్పండమ్మా" అని కాంచనక్క అడిగితే ఈ కల్యాణ మండపంలో మైకు పట్టుకున్నాను. నా పేరు మంజు. సారు మెకానికల్ చెప్పిన కాలేజీలోనే నేను ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఈ కాగితం తెలుగులో రాసుకుంటుంటే మా అమ్మాయి నిత్య తొంగి చూసి, "తమిళంలో రాసుంటే నేను తప్పులన్నా దిద్దుతా ఉంటి గదమ్మా" అనింది. (నవ్వులు)

వేదిక మీద పూలబుట్ట పక్కన ఉన్నది సారు తన చేతులతో చేసిన హెలికాప్టర్. ఇంటి వెనక రేకుల షెడ్డులో అల్యూమినియం కోసి, సన్నటి గొట్టాన్ని తోకగా బిగించి చేశారు. మొదట్లో సారే ఎగరేసేవారు. తర్వాత ఎందుకో రిమోట్ పిల్లల చేతికిచ్చి, తాను పక్కన నిలబడి చూడటం మొదలుపెట్టారు. ఎంత పెద్ద మనసో అనుకున్నాం మేమంతా.

పోయిన ఏడు ఒకనాడు నన్ను పిలిచి, "మంజమ్మా, ఇది ఎవురి చెయ్యీ లేకుండా గాలిలో నిలబడాల. నేను రిటైర్ అయ్యే లోపల కండ్లారా చూడాల. దానికి ఏమేం కావాల్నో నువ్వు పెట్టు" అన్నారు.

నాకు సందేహాలెక్కువని ఇక్కడ చాలామందికి తెలుసు. ప్రతి సెన్సారూ రెండేసి తెచ్చాను.

"ఇన్ని పెడితే ఇది యాడ ఎగుర్తుందమ్మా, మోసుకోని కూర్చుంటుంది" అన్నారు సారు.

"ఒకటి తప్పు చెబితే ఇంకొకటి ఉండాలి గదా సార్."

"రెండూ రెండు రకాలుగా చెప్తే ఎవురి మాట ఇంటావు?"

"మీ మాటే సార్" అన్నాను. (నవ్వులు) కాబట్టి ఒక్కొక్కటే పెట్టాం. ఒరుగును కనిపెట్టే సెన్సారును నడిమి కడ్డీ కింద మెత్తటి స్పాంజి మీద కూర్చోబెట్టాం, రెక్కల అదురు దానికి తగలకూడదని, ఒరిగితే మాత్రం తెలియాలని. దిక్కు చెప్పే దాన్ని మోటారు తీగల దగ్గర పెడితే అది మోటారు వైపే లాగిపోతుంది. అందుకని సారు దాన్ని నా చేత తోక పొడవునా జరిపించి, నిలకడగా ఒకే దిక్కు చెప్పిన చోట నా చేతే కట్టించారు. ఎందుకు నా చేతే అని అప్పుడు నాకు తట్టలేదు. ఇక ఎత్తు చెప్పేది. అది గాలి ఒత్తిడిని బట్టి చెబుతుంది, దానికి సూది గుచ్చినంత రంధ్రం ఒకటుంటుంది.

ఆయుధ పూజ వచ్చింది. సారు ల్యాబులో లేత్ మిషన్‌కు గంధం, కుంకుమ పెట్టి, హెలికాప్టర్‌కూ పెట్టారు. మర్నాడు కొండ కింద ఆదిమూలం అన్న చేలో ఎగరేశాం. లేచింది. ఆగమంటే ఆగలేదు. తానింకా నేల మీదే ఉన్నాననుకుని పైకి, ఇంకా పైకి పోతోంది.

"ఏం మంజమ్మా, మీ హెలికాప్టరు కొండెక్కి గుళ్ళో మురుగన్‌ను చూసొస్తుందా ఏంది?" అన్నాడు ఆదిమూలం అన్న. (నవ్వులు. అన్న అదిగో వెనక నిలబడి ఉన్నాడు)

నేనే ఆ సెన్సారును ఆపేసి రిమోట్‌తో కిందికి తెచ్చాను, దిగేటప్పుడు దాని కాలు వంగింది. తిప్పి చూస్తే ఎత్తు చెప్పే రంధ్రంలో గంధం ఎండి బిగుసుకుపోయి ఉంది.

"ఇవి దీనికి కండ్లూ చెవులూ అని నువ్వే గదమ్మా చెప్పినావు. పూజ రోజు వాటికి బొట్టు పెట్టకుంటే ఇంకెందుకు పూజ?" అన్నారు సారు.

అప్పుడు హెలికాప్టర్ మూతి మీద సున్నా గీసి, బొట్టు ఇక్కడేనని రాశాను. ముందుకొస్తే మీకూ కనిపిస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది సారును అడిగాకే చెబుతున్నాను. (సారు తల ఊపారు)

కాలు బాగుచేసి మళ్ళీ చేలోకి వెళ్ళిన రోజు నేల తడిగా ఉంది. సారు హెలికాప్టర్‌ను ఒళ్ళో పెట్టుకుని, చేతులతో పట్టుకుని స్విచ్ వేశారు. స్విచ్ వేయగానే అది కాసేపు కదలకుండా ఉండాలి, కదలిక లేదని నమ్మకం కుదిరాకే పచ్చ దీపం వెలుగుతుంది. వెలగలేదు. సెన్సారు పోయిందని మార్చాను. అయినా ఎర్ర దీపమే. ఇంకొకటి తీయబోతుంటే సారు, "సెన్సార్ మంచిదేనమ్మా. మార్చొద్దు" అని, తన రెండు చేతులూ ఎత్తి నా ముందు పెట్టారు.

వణుకుతున్నాయి. రిమోట్ పిల్లలకు ఎందుకిచ్చేశారో, చెయ్యి లేకుండా నిలబడాలని ఎందుకు అడిగారో ఒక్కసారిగా తెలిసింది. కాంచనక్కకు తెలుసు. పక్క గదిలో ఇన్నేళ్ళు కూర్చున్న మాకు తెలియలేదు. గోరంత సెన్సారుకు ఒళ్ళో పెట్టుకోగానే తెలిసింది.

(ఎవరో నీళ్ళ సీసా అందించబోయారు) నీళ్ళు అక్కర్లేదు, చెబుతాను.

చెక్క తెచ్చి దాని మీద పెట్టాను. పచ్చ దీపం. లేచింది, మనిషెత్తు దాటి ఆగింది. మేము కొండ వైపు తిరిగి నిలబడి ఉన్నాం. హెలికాప్టర్ ఉన్నట్టుండి కొండ వైపు కొంచెం ఒరిగింది. పడిపోతుందేమోనని రెండడుగులు ముందుకు ఉరికాను. ఆ తర్వాత, ఆ తర్వాతే, గాలి మా మొహాలకు తగిలింది. మాకంటే ముందు దానికి తెలిసింది. నేను కొని, నేను అతికించి, నేను సందేహించిన ముక్కలే అవన్నీ. ఎలా పనిచేస్తాయో రేపు క్లాసులో బోర్డు మీద రాసి చెప్పగలను. అయినా ఆ క్షణం చెప్పులు విడిచి నిలబడాలనిపించింది.

ఆదిమూలం అన్న తలగుడ్డ తీసి చేత పట్టుకుని, మెల్లగా, "ఎవురు పట్టుకోనుండారు దాన్ని?" అన్నాడు.

రిమోట్ సారు చేతిలో పెట్టాను.

"వద్దమ్మా, పడేస్తాను."

"పడదు సార్. చెక్క తెచ్చినప్పుడే రిమోట్ మీది పుల్లకు నడుమ కొంచెం చోటు వదిలినాను. ఆ చోటులో మీ చెయ్యి ఎంత వణికినా అది పట్టించుకోదు. మీరు కావాలని తోస్తేనే కదులుతుంది."

సారు తోశారు. ముందుకు పోయింది. చేను చుట్టూ తిప్పి, తెచ్చి, చెక్క మీదే దింపారు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. అది మాత్రం తొణకలేదు.

పొద్దున కాలేజీలో సారు ల్యాబ్ తాళాలు అప్పగించి, వాటి పక్కనే రిమోట్ కూడా పెట్టారు. సార్, తాళాలు తీసుకుంటాం, తప్పదు. రిమోట్ నా సంచిలో ఉంది, పోయేటప్పుడు మీ చేతికిచ్చే పోతాను. రేపు ఎండెక్కకముందే ఆదిమూలం అన్న చేను దగ్గరుంటాను. వచ్చేటప్పుడు గంధం తెచ్చుకోండి, చోటు ఎక్కడో మీకు తెలుసు. (నవ్వులు, చప్పట్లు)

ఇంతసేపు ఓపికగా విన్న మీ అందరికీ, ఇన్నేళ్ళు సారును షెడ్డుకు వదిలిపెట్టిన కాంచనక్కకూ నా కృతజ్ఞతలు. సెలవు.