మల్లన్న పొట్టేలు, యాకోబు గారి గులాబీ చుక్క

2001 జులై 16వ తేదీన మిర్యాలగూడ పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో బాధ్యతలు స్వీకరించిన గౌరవనీయులు డాక్టర్ యాకోబు గారు నేడు పదవీ విరమణ చేస్తున్నారు. వారి గంభీర వదనాన్ని చూసి పశువుల యజమానులే కాక పశువులు సైతం క్రమశిక్షణతో నిలబడేవని అప్పటి సిబ్బంది నేటికీ చెప్పుకుంటారు. వాడపల్లి నుండి వచ్చే రైతులకు ప్రతిరక్షకాల శాస్త్రాన్ని వారు ఒక్క మాటలో బోధించేవారు: "జబ్బును ఒక్కసారి చూసిన నెత్తురు దాన్ని మర్చిపోదు. మళ్ల కనవడితే గల్లా పట్టుకుంటది."

2006లో వారు కోదాడకు బదిలీపై విచ్చేశారు. నేను వారి సహచరుడినైన ఆ కాలంలోనే మునగాల గొర్రెలకాపరి మల్లన్న మందలో గర్భస్రావాలు మొదలయ్యాయి. గర్భాలు పోగొట్టే ఈసుడు రోగమని (బ్రూసెల్లోసిస్), దాన్ని మందకు అంటించేది పొట్టేలేనని అనుమానించిన యాకోబు గారు దాన్ని తెమ్మన్నారు. మల్లన్న రక్తం నింపిన సీసాతో వచ్చాడు.

"అది ఆటో ఎక్కలే సారూ. నెత్తురు తెచ్చిన."

నిర్జీవ రోగక్రిములతో తయారైన గులాబీ ద్రావణపు చుక్కలో ఆ రక్తరసాన్ని కలపగా, రసంలోని ప్రతిరక్షకాలు క్రిములను గుర్తించి పట్టుకోవడంతో, క్షణాల్లో పలుకులు కట్టింది.

"మల్లన్నా, జబ్బు ఖాయం. పొట్టేలును కోసి లోతుగ పాతిపెట్టాలె."

"అయ్యో సారూ! గది నా నెత్తురు!"

"దానిమీద నీకెంత పాణమో నాకు ఎరుకే."

"పాణం గాదు సారూ, నెత్తురే నాది! దాన్ని కొయ్యమంటరని, మా ఊరి ఆర్‌ఎంపీతోని నాకే సూది గుచ్చిపిచ్చుకున్న. ఇగ నన్ను పాతిపెడ్తరా?"

మేమంతా నవ్వాపుకోలేక వరండాలోకి పరుగెత్తాము. యాకోబు గారు మాత్రం నవ్వలేదు.

"రోజూ జ్వరమొస్తదా? కీళ్లు గుంజుతయా?"

"ఆర్నెల్ల సంది. ముసల్తనమనుకున్న."

ఈనే గొర్రెలకు ఒట్టి చేతులతో సాయం చేసే కాపరులకూ ఆ రోగం సోకుతుందని ఎరిగిన వారు, మల్లన్నను తమ స్కూటరుపై స్వయంగా దవాఖానకు తీసుకువెళ్లారు. వారాల తరబడి మందులు వాడిన పిదప మల్లన్న కోలుకున్నాడు. ఆనక పొట్టేలు రక్తాన్ని నిజంగానే పరీక్షించగా ఒక్క పలుకూ కట్టలేదు.

"నేను దాన్ని కాపాడుదామనుకున్న, దాని పేరు మీద నేనే బతికిన," అన్నాడు మల్లన్న.

2010 నుండి సూర్యాపేటలో పనిచేస్తూ, పెన్‌పహాడ్ వరకు తిరిగి, గొర్రెలు ఈనే సమయంలో చేతులకు తొడుగులు ధరించమని కాపరులకు నచ్చజెప్పిన ఘనత వారిది.

మొన్న అభినందన సభ సంగతి చెప్పబోతే వారి శ్రీమతి అరుణ గారు ఆందోళన వ్యక్తం చేశారు: "నేను జర తుమ్మితే నెత్తురు తీస్త అంటరు. ఇగ పొద్దంత ఇంట్లనే ఉంటే నా గతేంది?"

కావున యాకోబు గారికి నిండు నూరేళ్ల ఆయుష్షును, సంపూర్ణ ఆరోగ్యాన్ని, అరుణ గారికి అంతకు రెట్టింపు ఆరోగ్యాన్ని, ఒక్క తుమ్మైనా రాని దీర్ఘాయుష్షును మనసారా కోరుకుంటున్నాను.

— డాక్టర్ ఉపేందర్, సూర్యాపేట
31 మార్చి 2014