కందిరీగ బావ బ్యాటరీలు

ఏంట్రా మనవడా, గిటారు డబ్బాలకి కరెంటు ఎలా ఇవ్వాలా అని పొద్దుట్నుంచీ ఆ ఫోన్లో తలదూర్చావా? బ్యాటరీలా, అడాప్టరా? హవ్వ, ఇంత చిన్న విషయానికా! ఆఁ, చిన్న విషయమంటే మా బావ ఒప్పుకునేవాడు కాదులే. ఆ డబ్బాల కరెంటు దగ్గరే ఆయన పెళ్ళి ఆగిపోబోయింది. బావంటే ఎవరో కాదు, మీ తాతే. నువ్వు పుట్టకముందే పోయాడు గానీ, ఉంటేనా, నిన్ను ఇవాళ అన్నం కూడా తిననిచ్చేవాడు కాదు.

గొడుగంత జుట్టు, మెడలో గిటారు, కాళ్ళ దగ్గర గిటారు శబ్దాన్ని మార్చే నాలుగు డబ్బాలు. ఒకటి తొక్కితే గరగర, ఒకటి తొక్కితే ఎకో, మిగతా రెండూ ఎందుకో ఆయనకే తెలీదని నా అనుమానం. నాలుగింటికీ కలిపి ఒకటే అడాప్టరు. దాంతో ఏమయ్యేదంటే, వాయించినా వాయించకపోయినా గుయ్య్‌మని ఒకటే మోత. అందుకే వీధంతా కందిరీగ అనేవాళ్ళు. "కందిరీగొచ్చింది, తలుపులెయ్యండే!" అని అరిచేది పక్కింటావిడ. ఆవిడ మంచిదేలే, ఆవిడ కుక్కే మంచిది కాదు. అబ్బో, ఆ కుక్క... సరే, కుక్క సంగతి వదిలెయ్.

మా అక్కేమో, అదే మీ నానమ్మ, చేసుకుంటే ఇతన్నే అని భీష్మించుకు కూర్చుంది. మా నాన్న బడికి హెడ్మాస్టరు. మాట్లాడ్డం మొదలెడితే గోడ గడియారమే అలిసిపోవాలి. "సరే, రమ్మను, చూద్దాం" అన్నారు. బావ వచ్చి మా ముందు గదిలో డబ్బాలు పరిచి అడాప్టరు పెట్టాడో లేదో, గుయ్య్! "ఏంటయ్యా ఇది?" అన్నారు నాన్న. "అది కరెంటు మోతండీ, నేనింకా మొదలెట్టలేదండీ." "మొదలెట్టకముందే ఇలా ఉంటే మొదలెట్టాక ఇంట్లో ఉండగలమా? నా రిటైర్మెంటు సభలో ఒక్క పాట వాయించు. గుయ్యిమందా, పిల్లనివ్వను, పో!"

డబ్బాకో అడాప్టరు పెట్టు బావా, మోత పోతుంది అన్నాను. పెట్టి చూశాం. అవేమో లావుపాటివి, ఒకటి గుచ్చితే పక్క కన్నం కూడా మూసేస్తుంది. ఒకటి ఎక్కిస్తే ఇంకోటి ఊడుతుంది. చివరికి విసుగొచ్చి, "గోడ కరెంటే లేకపోతే మోతెక్కడిది? బ్యాటరీలే!" అన్నాడు. నిజంగానే చడీచప్పుడూ లేదు. మురిసిపోయి, ముందురోజు సాయంత్రమే సభ జరిగే హాల్లో అన్నీ బిగించి, వైర్లు గుచ్చేసి, ఇంటికొచ్చి హాయిగా గుర్రుపెట్టాడు. అక్కడే వచ్చింది చావు! ఆ డబ్బాలకి విడిగా స్విచ్చుండదురా. గిటారు నుంచొచ్చే వైరు గుచ్చి ఉందంటే చాలు, లోపల బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది. అట్టపెట్టె మీద రాసే ఉంది. మహానుభావుడు చదివితేగా!

మర్నాడు స్టేజీ మీద నాన్న చేతిలో తీగలేని మైకు, ధారగా ఉపన్యాసం. తెర వెనక బావ డబ్బా తొక్కుతాడు, లైటు వెలగదు. ఇంకోటి తొక్కుతాడు, ఊహూఁ. ఆదివారం, కొట్లన్నీ మూత. "డబ్బాలు పీకేసి నేరుగా వాయించెయ్ బావా" అన్నాను. "బట్టల్లేకుండా బజార్లో నిలబడమంటావేంట్రా! కనీసం ఎకో డబ్బా ఒక్కటైనా బతకాలి" అని ఆ గొడుగు జుట్టేసుకుని భోరుమన్నాడు. నాకు జాలేసింది. నవ్వూ వచ్చిందనుకో.

మా అక్క వచ్చి అంతా వింది. ఆ డబ్బాలో ఉన్న చదరపు బ్యాటరీని చేతిలో తిప్పి చూసింది. అలాంటిదే మైకులో వెయ్యడం పొద్దున్నే చూసిందట. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని తిన్నగా స్టేజీ ఎక్కేసింది. నాన్న ఇంకా ఉద్యోగంలో చేరిన రోజు దగ్గరే ఉన్నారు. "నాన్నా, మైకు గరగరమంటోంది, ఒక్క క్షణం ఇటివ్వండి" అని తీసుకుని, అటు తిరిగి, మళ్ళీ చేతిలో పెట్టేసి దిగిపోయింది. నాన్న మాట్లాడుతున్నారు, పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం బయటికి రావట్లేదు. ఉపన్యాసం అయిపోయిందనుకున్నారు జనం. ఇంక చూస్కో, చప్పట్లే చప్పట్లు! ఆయన జన్మలో అన్ని చప్పట్లు వినలేదు. పొంగిపోయి దండం పెట్టి కూర్చున్నారు.

అప్పుడు వాయించాడ్రా నాయనా, ఒక్క ఎకో డబ్బాతో! మోత లేదు, గీత లేదు. పక్కింటావిడ కళ్ళొత్తుకుంది. నాకైతే ఒళ్ళు జలదరించింది, ఇప్పటికీ తలుచుకుంటే అంతే. నాన్న లేచారు, మెచ్చుకుందామని మైకు తీశారు. పలకలేదు. తట్టారు. వెనక మూత తీసి చూశారు, ఖాళీ. డబ్బా వంక చూశారు, మా అక్క వంక చూశారు. అది తల దించుకోలేదు.

"నా నోరు నొక్కి వాడి డబ్బాకి ప్రాణం పోశావన్నమాట. ఇంక నన్నడగడం దేనికే? చేసుకో" అన్నారు. మైకు చచ్చింది కదా, హాల్లో ఎవరికీ వినపడలేదు. అక్కకి వినపడింది. తెర పక్కన బావకీ వినపడినట్టుంది, గిటారుతో సహా నేల మీద కూలబడ్డాడు పిచ్చి మారాజు...

ఏంట్రా అలా చూస్తావు? ఆ ఫ్యాను వెయ్యి, ఉక్కపోస్తోంది.