బస్సు దిగని నాయిక

అమెరికాలో, ఫ్రీమాంట్ లైబ్రరీ ముందు కారు ఆగింది. అరవై రెండు నవలలు రాసిన రచయిత్రికి ఆ రోజు అక్కడ సన్మానం. ఆమెను సభకు పరిచయం చేయాల్సిన అమ్మాయే డ్రైవ్ చేసింది.

“ఆంటీ, ఒక డౌట్. స్టేజ్ మీద అడగను. డిటెక్టివ్ నవలైనా, ఫ్యామిలీ నవలైనా, మీ హీరోయిన్ చివర్లో ఉద్యోగానికి బస్సెక్కుతుంది. కథ అక్కడితో ఆపేస్తారు.”

“చారిత్రక నవలలో ఎడ్లబండి ఎక్కించానుగా.”

“ఆ హీరోయినూ బండి దిగలేదు. ఇంకోదాంట్లో బస్సు ఆరు వారాలు చెడిపోయి ఉంటుంది.”

“ఆ సీరియల్ బాగా నడుస్తోందని ఎడిటర్ గారు ఇంకో ఆరు వారాలు పొడిగించమన్నారు. దిగాక ఏమవుతుందో నాకు తెలియదు. అందుకే బస్సు చెడగొట్టాను.”

“రాసే మీకే తెలియకపోతే ఎలా?”

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని ఆమె ముప్పై ఏళ్లుగా భయపడుతూనే ఉంది.

“నాకూ విశాఖలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మీ అంకుల్ వద్దనలేదు. పిల్లలు చిన్నవాళ్లు కదా అన్నారు, అంతే. టికెట్ కొన్నాను గానీ బస్సెక్కలేదు.”

అమ్మాయి ఇంజిన్ ఆపి ఆమె వైపు తిరిగింది.

“నేను ఎక్కాను ఆంటీ. ఒంగోల్లో, ఇంట్లో అందరూ వద్దంటున్నా. బ్యాగ్‌లో మీ నవలే ఉంది.”

లోపల మైకు సరిచేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. రచయిత్రి సంచిలోంచి పెన్నూ కాగితమూ తీసి ఒళ్లో పెట్టుకుంది.

“వాళ్లు ఆగుతారులే. బస్సు దిగగానే మొదట ఎటు నడిచావో చెప్పు.”