సప్పుడు చేయని పిల్లగాడు

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మన ఆరోగ్య కేంద్రం డాక్టరు శ్రీలత గారికి, నా పక్కన కూర్చుని ఇప్పటికి మూడుసార్లు గడియారం చూసుకున్న సర్పంచ్ చిన్నయ్య గారికి, ఎదురుగా ఉన్న అక్కలకు, చెల్లెళ్లకు, సమోసాల కోసమే వచ్చినా చప్పట్లు మాత్రం లోటు లేకుండా కొడుతున్న పెద్దమనుషులకు, ముప్పై నాలుగేళ్లు మీ పిల్లల తొడలకు టీకాలు పొడిచి, మిమ్మల్ని తిట్టి, మీ చేత తిట్టించుకుని, నేటితో ఇంటికి పోతున్న ఏఎన్ఎం బాలలక్ష్మి నమస్కారాలు. (నవ్వులు) మైకు చేతికొస్తే నాకు రేడియో తెలుగు వస్తుంది, ఏమీ అనుకోకండి. ఊరి మాటలు మాత్రం ఊళ్లో విన్నట్టే చెబుతాను.

పదకొండు గంటల సభ పన్నెండున్నరకు మొదలైంది. శాలువా దొరక్క కాదు. సన్మానం చేయించుకోవలసిన మనిషి ఆ వేళకు రుక్కమ్మ ఇంటి వాకిట్లో రుక్కమ్మతో కొంగులు పట్టుకుని కొట్లాడుతోంది. ఈ చీర ఇవాళ్టి కోసమని జగిత్యాలలో కొన్నది, కుచ్చిళ్ల గతి మీరే చూస్తున్నారు. అంతా పద్దెనిమిది రోజుల పిల్లవాడి గురించి. రుక్కమ్మ కొడుకు మహేందర్‌కు పుట్టిన మొదటి కొడుకు, వచ్చే ఆదివారం తొట్లెలో వేసి పేరు పెట్టాలి.

పొద్దున సభకు పిలుద్దామని వాళ్లింటికి పోయాను. కోడలు సరిత చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పిల్లగాడు ఎట్లున్నడే అన్నాను. "మంచిగున్నడు సిస్టర్. నిన్నటి సంది సప్పుడే లేదు. పాలు గూడ అడుగుతలేడు. మస్తు పండుకుంటుండు" అంది, ఎంతో సంతోషంగా. పిల్లవాడు సప్పుడు చేయకపోతే బీడీలు తెముల్తాయి కదా. నేను గుడ్డ తీసి అరికాలు మీద వేలితో కొట్టాను. సగం కన్ను తెరిచి మళ్లీ మూశాడు. పాదాలు చల్లగా ఉన్నాయి. చేతి గడియారం చూస్తూ నిండుగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాను, డెబ్బై నాలుగు. అరవై దాటితేనే భయపడమని మాకు నేర్పారు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి.

అప్పుడు వంటింట్లోంచి ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని రుక్కమ్మ వచ్చింది. "మంచిగున్నడు అనకుండ్రి, దిష్టి తాకుతది. రెండొద్దుల సంది తీస్తున్న. ఇయ్యాల పొద్దుగూకినంక ఇంకోపారి తీస్త, తెల్లారేసరికి లేస్తడు" అంది. నేను పిల్లవాడిని ఎత్తుకున్నాను, ఆమె నా కొంగు పట్టుకుంది, తర్వాత సంగతి వాడకట్టంతా చూసింది. ఇక్కడికి తెచ్చాక డాక్టరమ్మ చూసి, సూదిమందు వేసి, వాడిని తల్లి గుండెకు అంటించి గుడ్డ చుట్టి, 108 ఎక్కించి జగిత్యాల పంపారు. తోడు ఆశా వర్కర్ రజని పోయింది. ఇప్పటికి రాయికల్ దాటి ఉంటారు. వాడు బతకాలని మీరందరూ లోపల ఏ దేవుడికి మొక్కుకుంటారో మొక్కుకోండి, పైకి మాత్రం నా మాట వినండి.

మన ఊరు వైద్యంలో చాలా ముందున్న ఊరు. పిల్లవాడు ఒక్కసారి తుమ్మితే నేను అన్నం ముందు కూర్చున్న వేళకు ముగ్గురు వస్తారు. చెమటకాయలకు ఆటో కట్టించుకుని వచ్చినవాళ్లున్నారు. పిల్లవాడు గుక్కపట్టి ఏడిస్తే వాడకట్టులో ప్రతి ఇంటి నుంచి ఒక డాక్టరు బయటికి వస్తుంది, ఒకరు వాము, ఒకరు ఇంగువ, ఒకరు తాయెత్తు. కాదనను, ఏడ్చేవాడినీ చూపించండి. కానీ వాడు పాలు మాని, కాళ్లు చల్లబడి, లేపినా లేవకుండా పడి ఉంటే, అప్పుడు మాత్రం ఊరంతా మెచ్చుకుంటుంది. మంచోడమ్మా, సప్పుడు చేయడు అని. ఈ ముప్పై నాలుగేళ్లలో నన్ను అన్నిటికంటే భయపెట్టిన మాట ఇదే, జ్వరం కాదు, విరేచనాలు కాదు.

కనకయ్యన్నా, అట్ల తల దించుకోకు, నీ దగ్గరికే వస్తున్న. (నవ్వులు) మన ఆర్‌ఎంపీ కనకయ్య దగ్గరికి ఈ ఊళ్లో ఏ రోగం వచ్చినా దాని పేరు సర్దే, అంటే జలుబే. నిన్న ఈ పిల్లవాడిని కూడా చూశాడు. "సర్దే, రెండొద్దులల్ల తగ్గుతది" అన్నాడు. గుడ్డ విప్పావా అన్నా అని అడిగితే, "పండుకున్నోన్ని లేపుడెందుకని ఇప్పలే" అన్నాడు. ఎంత మర్యాద. ముసలివాళ్లు మోకాలు చూపించబోతేనే సూది తీసేవాడు, పద్దెనిమిది రోజులవాడి నిద్రకు మాత్రం అంత గౌరవం ఇచ్చాడు.

చదువుకున్నవాళ్లు తక్కువ తిన్నారా. తండ్రి మహేందర్ సిరిసిల్లలో మగ్గాల పని మీద ఉంటాడు. ఫోన్లో వీడియో చూసి పెళ్లానికి చెప్పాడట, పసిపిల్లలు పద్దెనిమిది గంటలు పడుకుంటారు, పరేషాన్ కాకు అని. వీడియో చెప్పింది నిజమే. మధ్యమధ్య పాలకోసం ఇల్లెగిరిపోయేట్టు లేస్తారన్న ముక్క రాకముందే మనవాడు దాన్ని ఆపేసి ఉంటాడు.

డాక్టరమ్మా, అందరినీ అని మన శాఖను వదిలితే కళ్లు పోతాయి. మన రిజిస్టర్‌లో శిశువు ఆరోగ్యం అని ఒక గడి ఉంటుంది. అందులో బాగున్నది అని రాయడానికి రెండు క్షణాలు చాలు. ఊపిరి లెక్కపెట్టడానికి నిమిషం కావాలి, అంతకుముందు చెప్పులు విప్పి ఇంట్లోకి పోవాలి, గుడ్డ తీయాలి. రిజిస్టర్ నిండకపోతే మెమో వస్తుంది. నిమిషం నిండకపోతే ఎవరూ అడగరు.

(ఫోన్ మోగింది. మాట్లాడి, మళ్లీ మైకు అందుకుని)

రజని. జగిత్యాల చేరారు. ఆక్సిజన్ పెట్టారట. రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారట. సరిత మాత్రం "అత్తమ్మ రాలేదా" అని ఒకటే అడుగుతోందట.

అత్తమ్మ ఇక్కడే ఉంది. అదిగో, తలుపు దగ్గర, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఇందాకటి నుంచి మీరు గుసగుసలాడుకోవడం నాకు వినపడుతూనే ఉంది. పంతం కొద్దీ బండి ఎక్కలేదట, మనుమని కన్న పంతమే ఎక్కువైందట. నేను కూడా బండి తలుపు దగ్గర ఆ మాటే అనబోయాను. ఎక్కు చెల్లె అంటే రుక్కమ్మ నా చెవిలో ఒక మాట చెప్పింది. "నేను రాను బాలక్క. నా కన్ను మంచిది గాదు. నేను జూస్తె వాడు దక్కడు."

చెవిలో చెప్పిన మాటను మైకులో చెప్పడం తప్పే. కానీ నా అబద్ధం ఊరందరి ముందర చెల్లింది కాబట్టి, నిజం కూడా ఊరి ముందరే చెప్పాలి. ఇరవై ఏడేళ్ల కింద రుక్కమ్మకు మొదటి కొడుకు పుట్టాడు, మహేందర్ కంటే ముందు. నేను చూడబోయిన నాటికి ఇరవై రోజులవాడు. నేను గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పకుండా, పిల్లగాడు ఎట్లున్నడు అన్నాను. ఇదే చాట, ఇవే బీడీలు. "బంగారం అసొంటోడు బాలక్క, పొద్దుగాల సంది సప్పుడు లేదు. లేపి పాలియ్యాల్నా?" అని అడిగింది. అడిగింది ఆమె. నాకు సాయంత్రం మీటింగు ఉంది, ఇంకా పదకొండు ఇళ్లు రాయాలి. లేపకు, పండుకోనియ్యి అన్నాను. బాగున్నది అని రాసి పోయాను. మరునాడు మధ్యాహ్నానికి వాడు లేడు.

నేను పోయేసరికి వాకిలి నిండా జనం. రుక్కమ్మ తల బాదుకుంటూ, బంగారం అన్న నా నోరే కొట్టింది, నా దిష్టే తాకింది అంటోంది. పక్కనున్న ముసలమ్మలు కన్నతల్లి దిష్టి రాళ్లను పగలగొడుతుందన్నారు. అందరూ నా వైపు చూశారు, చదువుకున్నదాన్ని కదా. నేను అవునన్నట్టు తల ఊపాను. అంతే. ఒక్కసారి ఊపిన తల. ఆ తర్వాత ఆమె మహేందర్‌ను ఏనాడూ ముద్దుపేరుతో పిలవలేదు, వాడు బువ్వ తింటుంటే మొహం తిప్పుకునేది. ఊరు ఆమెను మొండి మనిషి అంది, నేనూ అన్నాను. ఈ రెండు రోజులు మిరపకాయలు తిప్పుతూ కూర్చున్నదంటే ఆ మందు రాసిచ్చింది నేనే. కనకయ్యను, మహేందర్‌ను వెక్కిరించి మీ చేత చప్పట్లు కొట్టించుకున్నాను. వాళ్లు నా దగ్గర చిన్నపిల్లలు.

రేడియో తెలుగు చాలు. రుక్కమ్మా, ఇటు సూడు. కొంగు తియ్యి. నీ కన్నుల దోషం లేదు, నీ నోట్ల లేదు. ఆనాడు నువ్వు లేపుతనన్నవ్, నేనే వద్దన్న. లేపితె లెవ్వకపోతుండె, గది సూస్తెనన్న నీకు నాకు ఎరుకైతుండె, బస్సెక్కిస్తుంటిమి. వాడు దక్కుతుండెనో లేదో నేను జెప్పలేను. తప్పు మాత్రం నాది. గిన్నేండ్లు నీ మీద ఏసి నేను బతుకమ్మలాడిన, పెన్షన్ కాయితాలు జేసుకున్న. నన్ను తిట్టు, కొట్టు, నేనేమనను. గని గదంత జగిత్యాల పొయ్యే దారిల.

డాక్టరమ్మా, ఈ శాలువా, ఈ జ్ఞాపిక ఇక్కడే ఉండనివ్వండి, నా చేతులు ఖాళీగా కావాలి. చిన్నయ్య సార్, మీ కారు తీయండి, జగిత్యాల పోదాం, ఇంత సేపు గడియారం చూసుకున్నందుకు మీకూ ఒక పని దొరికింది. ఇన్నేళ్లు మీ ఇళ్లలోకి రానిచ్చినందుకు, చాయ్ పోసినందుకు, నమ్మినందుకు, నమ్మకూడని రోజున కూడా నమ్మినందుకు, మీ అందరికీ రెండు చేతులా దండం. ఉంటాను, సెలవు.

చెల్లె, చెప్పులేసుకో. పోయి నీ మనుమన్ని కండ్ల నిండ సూద్దువు.